పిల్లాపాపలతో విజయవాడకి రెండు రోజులు: ఊరు చూస్తూ కొండలెక్కడం ఎలా?

విజయవాడ ట్రిప్ అనగానే అందరూ ముందు జాబితా రాసుకుంటారు. దుర్గమ్మ గుడి, బ్యారేజీ, ఉండవల్లి, భవానీ ద్వీపం, కొండపల్లి, మంగళగిరి, వీలుంటే అమరావతి. మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ఒక్క రోజులో చుట్టేయొచ్చనిపిస్తుంది. ఉదయం పదకొండింటికి ఏదో ఒక మెట్ల దగ్గర పిల్లాడు "నేను రాను" అని కూలబడి, పక్కనే అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాక అసలు సంగతి తెలుస్తుంది. ఈ ఊళ్లో ముందు ఎండని చూసుకోవాలి, ఆ తర్వాతే చోట్లు.

పొద్దున్నే కొండ, మధ్యాహ్నం నీడ, సాయంత్రం కృష్ణ ఒడ్డు. ఈ వరస తప్పకుండా, రోజుకి ఒక్క కొండకి మించి పెట్టుకోకుండా ఉంటే రెండు రోజులు హాయిగా గడుస్తాయి. కింద చెప్పే అడుగులన్నీ ఈ లెక్క మీద వేసినవే.

మొదటి అడుగు: నెల చూసుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. మార్చి మొదట్లో కూడా పొద్దుటి పూట పర్వాలేదు. ఏప్రిల్, మే నెలల్లో చిన్నపిల్లలతో కొండల జోలికి వెళ్లొద్దు. బెజవాడని సరదాగా బ్లేజ్‌వాడ అనేది ఊరికే కాదు. ఊరి చుట్టూ ఉన్న రాతి కొండలు పగలంతా కాగి, రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక మెట్ల మీద ఒట్టి కాళ్ల సంగతి చెప్పేదేముంది. వేసవి సెలవుల్లో తప్ప కుదరదంటే నూజివీడు రసాలు తినడానికి రండి, మెట్ల దారులు మాత్రం ఇంకోసారికి ఉంచుకోండి.

ఏ నెలలో వచ్చినా కొన్ని రోజులు తప్పించాలి. దసరా పది రోజులూ ఊరు ఊరంతా అమ్మవారిదే. ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, సరస్వతీదేవి అలంకారానికి, క్యూలైన్లు ఎక్కడి నుంచి మొదలవుతాయో చెప్పడం కష్టం. దసరా చూడాలంటే దసరా కోసమే రండి, మిగతా ఊరు ఆ వారంలో చూడలేరు. డిసెంబరు ప్రాంతంలో భవానీ దీక్షలు విరమించేటప్పుడు కూడా అంతే. ఎర్రబట్టల భవానీలతో కొండ చుట్టూ రోడ్లు నిండిపోతాయి. కార్తీక మాసం బాగుంటుంది, కానీ సోమవారాలు, పౌర్ణమి నాడు ఘాట్ల దగ్గర తాకిడి ఎక్కువ. ఆదివారాలు వనభోజనాల వాళ్లు నదీ తీరమంతా ఆక్రమిస్తారు. మంగళ, బుధ, గురువారాల్లో రెండు రోజులు దొరికితే అంతకంటే ఏం కావాలి.

వానాకాలంలో వచ్చేవాళ్లు నది కబురు కనుక్కుని బయల్దేరాలి. పైనుంచి వరద వస్తే బ్యారేజీ గేట్లెత్తుతారు, పడవలు ఆపేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే సమయంలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. అంతటి వరద అరుదే. మామూలు వరదకైనా భవానీ ద్వీపం కార్యక్రమం రద్దవుతుంది కాబట్టి బదులు ప్లాన్ ఒకటి ఉండాలి.

రెండో అడుగు: బస ఎక్కడ?

రైల్లోనో బస్సులోనో వచ్చేవాళ్లకి గాంధీనగర్, గవర్నరుపేట మంచివి. రైల్వే స్టేషను, పండిట్ నెహ్రూ బస్టాండు, దుర్గగుడి, బీసెంట్ రోడ్డు అన్నీ చిన్న ఆటో ప్రయాణంలో ఉంటాయి. సొంత కారులో వచ్చేవాళ్లు బెంజ్ సర్కిల్, లబ్బీపేట వైపు చూసుకోండి. అక్కడ పార్కింగు ఉన్న హోటళ్లు దొరుకుతాయి, మంగళగిరి హైవే ఎక్కడం తేలిక. గన్నవరంలో విమానం దిగేవాళ్లు కూడా ఏలూరు రోడ్డు మీదుగా ఈ రెండు వైపులకీ సులువుగా చేరొచ్చు.

గది తీసుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: 24 గంటల పద్ధతా, మధ్యాహ్నం 12కి ఖాళీ చేయాలా? తెల్లవారుజామున రైలు దిగి మధ్యాహ్నం పన్నెండింటి పద్ధతి ఉన్న హోటల్లో చేరితే, అరపూటకే ఒక రోజు అద్దె లెక్కలోకి వెళ్తుంది. 24 గంటల పద్ధతి అయితే రెండో రోజు కొండ దిగొచ్చి స్నానం చేసి, ఓ కునుకు తీసి ఖాళీ చేయొచ్చు. పిల్లలతో ఉన్నప్పుడు ఆ కునుకు విలువ తెలుస్తుంది.

ఇంకో మాట. ఈ ఊరిని ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ మూడు చోట్ల కోస్తాయి. వాటికి తోడు రైలు పట్టాలు. మ్యాపులో రెండు కిలోమీటర్లు కనిపించినా వంతెన కోసం చుట్టు తిరగాల్సి రావచ్చు. కాబట్టి ఊళ్లో ఎక్కడికి వెళ్లాలన్నా అరగంట వేసుకోండి, టెన్షన్ ఉండదు.

మూడో అడుగు: కొండని మీరు ఎంచుకోకండి, మీ వాళ్లలో చిన్నవాళ్లని, పెద్దవాళ్లని ఎంచుకోనివ్వండి

దీని మీద కాస్త ఆలోచించండి. ట్రిప్ బాగా జరిగేదీ చెడేదీ ఇక్కడే.

అయిదేళ్ల లోపు పిల్లలుంటే గాంధీ కొండ చాలు. రైల్వే స్టేషన్‌కి దగ్గరలోనే ఉంది. పాతకాలంలో దీన్ని ఓర్ కొండ అనేవాళ్లు. పైన 52 అడుగుల గాంధీ స్తూపం ఉంది. 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. ఇక్కడికి సాయంత్రం పూట వెళ్లండి. కింద రైళ్లు, పాత ఊరు, దూరంగా కృష్ణ కనిపిస్తాయి. చిన్నపిల్లలకి గుళ్ల కన్నా రైళ్లే ఎక్కువ నచ్చుతాయి, పై నుంచి పట్టాలు చూపిస్తే అరగంట గడిచిపోతుంది.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు, నడవగలిగే పెద్దవాళ్లు ఉంటే మంగళగిరి సరైన కొండ. మెట్లున్నాయి, మధ్యలో ఆగి కూర్చోవచ్చు, ఎక్కలేనివాళ్ల కోసం ఘాట్ రోడ్డు ఉంది. సగం మంది మెట్ల మీద, సగం మంది వాహనంలో వెళ్లి పైన కలుసుకోవచ్చు. కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఇంతకన్నా వెసులుబాటు ఉన్న కొండ ఈ చుట్టుపక్కల లేదు.

పన్నెండు దాటిన పిల్లలకి, అందులోనూ చరిత్ర పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకి, కొండపల్లి కోట. అక్కడ నడక ఎక్కువ, నీడ తక్కువ. కానీ ఆ వయసు పిల్లలకి గుడి మెట్ల కన్నా కోట గోడలే బాగుంటాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడు. "ఎక్కేశానుగా, దిగడమెంత" అనే నాన్నగారిని దిగేటప్పుడు మాత్రం వాహనంలో ఎక్కించండి. ఆయన ఒప్పుకోరు. అయినా ఎక్కించండి.

ఎవరికీ మెట్లు పడవు, నడక మాత్రం ఇష్టం అంటారా? పౌర్ణమి చూసుకుని రండి. ఆ రోజు పొద్దున్నే దుర్గమ్మ గుడి ఉన్న ఇంద్రకీలాద్రి చుట్టూ గిరి ప్రదక్షిణ చేస్తారు. ఘాట్ రోడ్డు దగ్గర కామధేను అమ్మవారి గుడి నుంచి మొదలై కుమ్మరిపాలెం, విద్యాధరపురం, పాల ప్రాజెక్టు, చిట్టినగర్, కొత్తపేట మీదుగా తిరిగి గుడికే చేరుతుంది. ఏడెనిమిది కిలోమీటర్లు, అంతా రోడ్డే. పిల్లలు సగంలో మొరాయిస్తే ఆటో ఎక్కేయొచ్చు. నడకలో ఇంత సౌకర్యం అడవి కొండల్లో ఎక్కడ దొరుకుతుంది?

నాలుగో అడుగు: మొదటి రోజు, ఇంద్రకీలాద్రి నుంచి బ్యారేజీ దాకా

తెల్లవారకముందే లేవండి. దర్శనాలు తెల్లవారుజామునే మొదలవుతాయి, ఏడు లోపు వెళ్తే క్యూ, ఎండ రెండూ తక్కువ. అర్జునుడు పాశుపతం కోసం శివుణ్ణి గురించి తపస్సు చేసింది ఈ కొండ మీదే అని స్థలపురాణం. పిల్లలకి ఆ కథ కింద మొదటి మెట్టు దగ్గరే మొదలుపెట్టండి. కిరాతుడి వేషంలో శివుడు వచ్చేసరికి సగం మెట్లు అయిపోతాయి, యుద్ధం ముగిసేలోపు పైకి చేరతారు.

పైకి దారులు మూడు. పాత మెట్ల దారిలో నడిచేవాళ్లు, మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వెళ్లే మొక్కుల వాళ్లు కనిపిస్తారు. వాళ్లని తొందరపెట్టకుండా పక్కనుంచి వెళ్లండి. పసుపు నీళ్లు పడ్డ మెట్లు జారతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. రెండోది ఘాట్ రోడ్డు, గుడి బస్సులు తిరుగుతాయి. మూడోది మహామండపం వైపు, అక్కడ లిఫ్టులున్నాయి. పెద్దవాళ్లని అటు పంపండి. ఫోన్లు, కెమెరాలు గదిలోనో కింద కౌంటర్లోనో పెట్టేసి వెళ్తే పైన గొడవ ఉండదు. కాకపోతే విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోవాలి. మల్లేశ్వరస్వామి గుడి మెట్ల దగ్గర అనుకోండి, ఎవరిని అడిగినా చూపిస్తారు. సంప్రదాయ దుస్తులు వేసుకుని వెళ్లండి. పొట్టి లాగులు, చేతుల్లేని బనియన్లతో అక్కడి దాకా వెళ్లి వెనక్కి తిరగడం ఎందుకు?

దర్శనం అయ్యాక కొండ అంచున కాసేపు ఆగండి. కింద కృష్ణ, బ్యారేజీ, అవతల సీతానగరం కొండ, అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. రెండు రోజుల్లో మీరు తిరగబోయే చోట్లన్నీ దాదాపు ఇక్కడి నుంచే పిల్లలకి చూపించొచ్చు. దిగేటప్పుడు దారిలోనే అక్కన్న మాదన్న గుహాలయాలు ఉంటాయి. గోల్కొండ నవాబు తానీషా దగ్గర పనిచేసిన మంత్రుల పేరు వాటికి వచ్చింది కానీ, గుహలు వాళ్లకన్నా వెయ్యేళ్లు పాతవి. పది నిమిషాలు చాలు.

ఎనిమిదిన్నరకల్లా టిఫిన్‌కి దిగిపోవాలి. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ పేరు వినే ఉంటారు. పిల్లలకి అదే పెట్టించండి, పచ్చళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇక్కడ మామూలు కారం అంటే వేరే ఊళ్లో ఎక్కువ కారం.

పది దాటాక నీడలోకి రావాలి. బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ఉంది, ఒకప్పటి విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1887లో విక్టోరియా రాణి పాలన యాభై ఏళ్ల సందర్భంగా ఈ భవనానికి పునాది వేశారు. మన పిల్లలకి చెప్పాల్సింది మాత్రం 1921 సంగతి. ఆ ఏడాది బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య తను తయారుచేసిన జెండాని గాంధీకి అందించారు. ఇప్పుడు మనం ఎగరేసే జెండాకి మొదటి రూపం అది. బడిలో జెండా వందనం చేసే పిల్లలకి, ఆ జెండా పుట్టిన ఊళ్లోనే ఉన్నామని చెబితే ముఖం వెలుగుతుంది. అల్లూరు నుంచి తెచ్చిన బుద్ధ విగ్రహం దగ్గర కూడా ఆగండి.

మధ్యాహ్నం అరిటాకు భోజనం, తర్వాత గదికి వెళ్లి మూడింటి దాకా పడుకోవడం. దీన్ని ప్లాన్‌లో రాయండి. రాయకపోతే ఎవరో ఒకరు "ఈలోపు మొగల్రాజపురం గుహలు చూసొద్దాం" అంటారు. ఆ గుహలు పాతవే, పరిశోధకులకి విలువైనవే, కానీ బాగా అరిగిపోయాయి. ఉండవల్లి చూడబోయేవాళ్లు మిట్టమధ్యాహ్నం వాటికోసం పోనక్కర్లేదు. రాజీవ్ గాంధీ పార్కు కూడా అంతే, పిల్లలకి ఊయల కావాలంటే తప్ప.

మూడింటికి లేచి ఉండవల్లికి బయల్దేరండి. బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా వెళ్తే ఊళ్లోంచి ఆరేడు కిలోమీటర్లు. ఆటో అయితే రానూపోనూ మాట్లాడుకోండి, అక్కడ ఆగే సమయం కూడా కలిపి. పురావస్తు శాఖ వాళ్ల టికెట్ ఉంటుంది, పదిహేనేళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. చీకటి పడకముందే మూసేస్తారు కాబట్టి నాలుగుకల్లా లోపల ఉండాలి.

ఉండవల్లి గురించి ఒక మాట ముందే చెప్పండి పిల్లలకి: ఇది కట్టినది కాదు, తొలిచినది. ఇసుకరాతి కొండని పై నుంచి కిందికి చెక్కి నాలుగు అంతస్తులు తీశారు. విష్ణుకుండినుల కాలం నాటిదని చెబుతారు. ముందు బౌద్ధ, జైన సన్యాసులు ఉన్న చోటు, తర్వాత వైష్ణవ గుడి అయింది. అందరూ చూసేది పై అంతస్తుల్లో ఒకదాంట్లో పడుకున్న అనంతపద్మనాభస్వామిని. పొడవాటి విగ్రహం, ఒకే రాతిలో తొలిచింది, లోపల సన్నటి వెలుతురులో కాసేపటికిగానీ పాదాల నుంచి తల దాకా కనిపించదు. మీ పిల్లల్ని అక్కడ తొందరపెట్టకండి. బయట అరుగు మీద వరసగా కూర్చున్న రుషుల విగ్రహాలు, పక్కన సింహాలు, ఎదురుగా పచ్చటి అరటితోటలు. ఫోటోలకి మంచి వెలుతురు నాలుగున్నర తర్వాతే వస్తుంది. మెట్లు ఎత్తుగా ఉంటాయి, అంచులకి ఎక్కడా పెద్ద అడ్డు ఉండదు, అల్లరి పిల్లలైతే చెయ్యి పట్టుకోవాలి. కోతులున్నాయి, చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే అది మీది కాదని అనుకోండి.

తిరిగొచ్చేటప్పుడు సీతానగరం వైపే దిగి, బ్యారేజీ మీద నడుస్తూ రండి. పొడవు 1.2 కిలోమీటర్లకి కాస్త పైన, గేట్లు 70. ఇదే రెండో రోజు కొండకి కాళ్లు సాగదీయడం కూడా. ఇక్కడ మొదట కాటన్ దొర పథకం ప్రకారం 1855లో ఆనకట్ట పూర్తయింది. అది 1952లో తెగింది. తర్వాత కట్టిన ఈ బ్యారేజీ 1957లో పూర్తయింది, ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఒకవైపు నిండుగా నీళ్లు, ఇంకోవైపు ఇసుక తిన్నెలు ఎందుకున్నాయో పిల్లలే అడుగుతారు. ఆ నీళ్లు కాలవల్లోకి మళ్లి డెల్టా వరి చేలకి వెళ్తాయని చెబితే, పొద్దున తిన్న ఇడ్లీ దాకా లెక్క కుదురుతుంది. నడిచేటప్పుడు ఒకవైపుగా, ఒకరి వెనక ఒకరు నడవండి, బండ్లు ఆగవు.

రాత్రికి బండి మీద పునుగులు, మిరపకాయ బజ్జీలు. పెద్దవాళ్లకి ఉల్లిపాయ వేసి కారం చల్లినవి, పిల్లలకి ఉత్త పునుగులు అడగండి. తర్వాత పెరుగన్నం తిని తొమ్మిదికల్లా పడుకోవాలి. పొద్దున్నే కొండ ఉంది.

అయిదో అడుగు: రెండో రోజు కొండ

మంగళగిరి ఎంచుకుంటే కారు కన్నా రైలు బాగుంటుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే ప్యాసింజరు రైళ్లు మంగళగిరిలో ఆగుతాయి, మధ్యలో కృష్ణ మీద రైలు వంతెన దాటుతాయి. పొద్దున్నే కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకి అదే సగం విహారం. కాయిన్లు నదిలో వేయడం మన అలవాటు, కానీ చేతులు బయట పెట్టనివ్వకండి. రైలు టైము కుదరకపోతే 12, 13 కిలోమీటర్లే, బస్సులు విరివిగా ఉన్నాయి.

ఊళ్లో మొదట కనిపించేది కింద లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం. 11 అంతస్తులు, 153 అడుగులు. 1807, 1809 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించారు. మెడ వెనక్కి వంచి అంతస్తులు లెక్కపెట్టే పోటీ పెట్టండి. కానీ ముందు కొండ, తర్వాత గోపురం. ఎందుకంటే కొండ మీద పానకాలస్వామి గుడి మధ్యాహ్నం 3 దాకానే ఉంటుంది. ఆ తర్వాత రాత్రికి దేవతలు వచ్చి పూజ చేస్తారని నమ్మకం. పొద్దున ఏడుకి తలుపులు తెరిచే వేళకి మెట్ల మీద ఉంటే మంచిది.

కింది నుంచి చూస్తే కొండ కూర్చున్న ఏనుగులా కనిపిస్తుంది. ఇప్పుడున్న మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించినవి. చిన్న పిల్లలతో ఆగుతూ వెళ్తే అరగంట. సాక్సులు తీసుకెళ్లండి. పైకి వెళ్లేటప్పుడు చల్లగా ఉన్న రాయి పది తర్వాత కాలుతుంది, చెప్పుల్లేకుండా దిగాలి.

పైన స్వామికి రూపం లేదు, తెరిచిన నోరు మాత్రమే. అందులోకి పానకం పోస్తారు. గుటకేసిన చప్పుడు వినిపిస్తుంది, సగం తాగి మిగతా సగం భక్తుడికి వదిలేస్తాడంటారు. ఇంత బెల్లం పోసే చోట చీమలు కనిపించవన్నది మరో వింత. దాని సంగతేంటో తేల్చే పని మీ పిల్లలకి వదిలేయండి, నేలంతా వెతుకుతారు. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, మన కలియుగంలో పానకం తాగుతాడని చెబుతారు. పానకం బిందెలు అక్కడే దొరుకుతాయి. మిగిలిన పానకం తెచ్చుకోవడానికి మూత గట్టిగా ఉన్న సీసా ఒకటి వెంట ఉంచుకోండి. లేకపోతే దిగేసరికి చేతులన్నీ బంక.

ఇంకా ఓపిక ఉన్న పెద్దపిల్లలుంటే ఇంకా పైకి, గండాలయ్య దగ్గరికి ఎక్కొచ్చు. అక్కడ విగ్రహం ఉండదు, నేతి దీపం పెడతారు, గండాలు తీరతాయని మొక్కుకుంటారు. ఈ ముక్క కింది మెట్లలా కాదు, నిజంగా కొండ ఎక్కినట్టే ఉంటుంది. ఒక పెద్దమనిషి పిల్లలతో వెళ్లి, మిగతావాళ్లు పానకాలస్వామి దగ్గర నీడలో కూర్చోవడం మేలు. తొమ్మిదిన్నర దాటితే మాత్రం అక్కడికి బయల్దేరొద్దు.

దిగొచ్చాక గోపురం, ఆ వీధుల్లోనే చేనేత దుకాణాలు. మంగళగిరి నూలు చీరకి ఒళ్లంతా సాదా, అంచుకే అందం. నిజాం బార్డరు కావాలని అడిగితే ఏది తీయాలో వాళ్లకి తెలుసు. ఇంటి ఆడవాళ్లు షాపులో ఉన్న గంటసేపు పిల్లల్ని ఏం చేయాలన్నది మిగతావాళ్ల సమస్య.

కొండపల్లి ఎంచుకుంటే ఆరింటికే హైదరాబాద్ హైవే ఎక్కండి. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా 20 కిలోమీటర్ల పైచిలుకు. ఘాట్ రోడ్డు మీద వాహనంలో పైకి వెళ్లొచ్చు. ఊరివైపు నుంచి నడిచి ఎక్కాలనుకుంటే ఆ దారి ఎలా ఉందో ఊళ్లో అడిగి కదలండి, వానల తర్వాత పొదలు కమ్మేస్తాయి. నీళ్లు కిందే కొనుక్కోండి, మనిషికి లీటరుకి తగ్గకుండా. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డి రాజులు ఈ కోట మొదలుపెట్టారు. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు, 1766లో ఇంగ్లీషు వాళ్లు, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారింది. వరసగా రాతి ద్వారాలు దాటుకుంటూ పైకి వెళ్తుంటే శత్రువుకి ఎంత కష్టమో పిల్లలకి కాళ్లతోనే తెలుస్తుంది. పడిపోయే గోడల మీదికి ఎక్కనివ్వకండి. పదికల్లా దిగిపోవాలి.

దిగాక అసలు పండగ: బొమ్మల వీధి. తెల్లపొణికి చెక్కని ఎండబెట్టి, చెక్కి, ముక్కల్ని రంపపుపొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి రంగులేస్తారు. పని జరిగేచోట నిలబడి చూడనిస్తారు, కొనమని వెంటపడరు. అయినా ఒక్కటైనా కొనండి. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, కల్లు గీసే తాడిచెట్టు పిల్లలకి, దశావతారాల సెట్టు ఇంటికి. చెక్క తేలిక, చేతులు కాళ్లు సులువుగా విరుగుతాయి. బస్సు డిక్కీలో వేయకుండా చీర మడతల్లో చుట్టి చేతిసంచిలో పెట్టుకోవాలి.

రెండో సాయంత్రం భవానీ ద్వీపం. పున్నమి ఘాట్, బెరం పార్కు వైపు నుంచి పర్యాటక శాఖ పడవలు నడుస్తాయి. 133 ఎకరాల దీవి, చెట్ల నీడలో నడవడానికి, పిల్లలు పరిగెత్తడానికి బాగుంటుంది. నాలుగింటి తర్వాత వెళ్లి చివరి పడవ టైము ముందే అడిగి పెట్టుకోండి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరు రమ్మన్నా ఏ పడవా ఎక్కొద్దు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర సంగమంలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. జాకెట్ కట్టుకోనని పిల్లలు మారాం చేస్తే ఆ రోజుకి ఒడ్డునే కూర్చుని నది చూడండి.

ఆరో అడుగు: ఇంకో రోజు మిగిలితే గుంటూరు వైపు

గుంటూరు ఇక్కడికి 35 కిలోమీటర్లు. అక్కడ బస చేసేవాళ్లకి కొండవీడు దగ్గర. రెడ్డి రాజుల రాజధాని. పైకి ఘాట్ రోడ్డు పడింది, కొండ మీద పుట్టాలమ్మ చెరువు, ముత్యాలమ్మ చెరువు లాంటి చెరువులున్నాయి. కోట చూసి, చెరువు గట్టున చద్ది తిని దిగొచ్చు. నరసరావుపేట దాకా వెళ్లగలిగితే కోటప్పకొండ. త్రికోటేశ్వరస్వామి ఉండే కొండ, కాకులు వాలవంటారు. దారిలో పిల్లలకి పార్కు ఉంది కాబట్టి చిన్నవాళ్లకి కొండవీటి కన్నా ఇది నయం. శివరాత్రికి ప్రభల వైభవం చూడాలని ఉంటే ఆ గుంపుకి సిద్ధపడి రండి, పసిపిల్లలతో మాత్రం వద్దు.

కొండలు చాలనుకుంటే గుంటూరు పక్కన ఉప్పలపాడు పక్షుల చెరువుకి పొద్దున్నే వెళ్లండి, గూడబాతులు, కొంగలు గుంపులుగా కనిపిస్తాయి. అమరావతికి వెళ్లేవాళ్లు అమరేశ్వరాలయం, మ్యూజియం, ధ్యానబుద్ధ విగ్రహం ఒక పూటలో చూడొచ్చు. బుద్ధుడి ఎత్తు 125 అడుగులు. అక్కడ నీడ తక్కువ, పదింటి లోపే.

సంచిలో ఏమేం పెట్టుకోవాలి

మనిషికో నీళ్ల సీసా, పిల్లలకి టోపీ, గుడి మెట్లకి పాత సాక్సులు, జిప్పు ఉన్న సంచి, ఎందుకంటే కోతులకి ముడులు విప్పడం వచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. చిల్లర, చిన్న నోట్లు, ఆటోకి, చెప్పుల స్టాండుకి, పానకానికి. పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలు రూములో కాకుండా వెంటే ఉండాలి. షుగరు ఉన్నవాళ్లు టిఫిన్ చేశాకే మంగళగిరి ఎక్కాలి, పైన పానకం ఒక గుక్కతో ఆపాలి.

తిరుగు రైలుకి రాత్రి తొమ్మిది తర్వాత టికెట్ తీసుకోండి. ద్వీపం నుంచి వచ్చి, బీసెంట్ రోడ్డులో ఓ చక్కరు కొట్టి, స్నానం చేసి భోంచేయడానికి టైము సరిపోతుంది. విజయవాడ పెద్ద జంక్షను, ప్లాట్‌ఫారాలు చాలా ఉన్నాయి. సామానూ, నిద్రమత్తులో ఉన్న పిల్లలూ ఉన్నప్పుడు అరగంట ముందే చేరి, ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీద చూశాకే వంతెన ఎక్కండి.